ఆకుపచ్చ తల బాతును కాదు, గోధుమరంగు బాతును ముందు చూపించండి

ఐదేళ్లు, ఎనిమిదేళ్లు ఉన్న మీ పిల్లలకు మల్లార్డ్ బాతును పరిచయం చేయాలంటే బొమ్మల పుస్తకంతో మొదలుపెట్టాలా, నేరుగా నీటి ఒడ్డుకు తీసుకువెళ్లాలా అని అడిగారు. నేను పుస్తకంతో మొదలుపెట్టి పొరపాటు చేశాను కాబట్టి, ముందు ఒడ్డుకే తీసుకువెళ్లమంటాను.

పుస్తకంలో ఉన్నది మగబాతు బొమ్మ: నిగనిగలాడే ఆకుపచ్చ తల, మెడ చుట్టూ తెల్లని గీత, పసుపుపచ్చని ముక్కు. అప్పటికి ఆరేళ్లున్న మా అమ్మాయి ఒడ్డుకు రాగానే ఆ బొమ్మకు సరిపోయిన నాలుగింటిని లెక్కపెట్టి, పక్కనే ఉన్న గోధుమరంగు వాటిని చూపించి, "అవి వేరే పిట్టలు నాన్నా" అని తేల్చేసి, పది నిమిషాల్లో ఇంటికి పోదామంది. తోక దగ్గర ఉంగరం తిరిగిన నల్లని ఈకలతో సహా మగబాతు అందమంతా ఒక్క చూపులో అయిపోతుంది, ఆ తర్వాత పిల్లలకు వెతకడానికేమీ మిగలదు.

రెండోసారి వెళ్లినప్పుడు పేరు ఎత్తలేదు. ఒక గోధుమరంగు బాతును ఎంచుకుని, అది ఏం చేస్తోందో నాకు చెబుతూ ఉండమన్నాను. అది తల నీటిలో ముంచి, తోక నిటారుగా పైకెత్తి, కాళ్లు ఆడిస్తూ తలకిందులుగా నిలబడుతుంటే ఎందుకలా చేస్తోందన్న ప్రశ్న తనే వేసింది. మల్లార్డ్ సాధారణంగా పూర్తిగా మునగదని, మెడ అందినంత లోతులోనే మేస్తుందని, ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలాంటివి ఉండి నీటిని వదిలేసి గింజలను, పురుగులను పట్టి ఉంచుతాయని అప్పుడు చెబితే చెవికెక్కింది. కాసేపటికి ఆ బాతు ఒళ్లు విరుచుకుంటూ ఒక రెక్క చాపింది. రెక్క మీద ఊదా కలిసిన నీలిరంగు పట్టీ, దానికి రెండువైపులా తెల్లని అంచు కనిపించాయి. కొద్ది నిమిషాల తర్వాత ఒక మగబాతు రెక్క చాపగానే "అదే పట్టీ!" అని అరిచింది. ఆ రెండూ ఒకే జాతి అని నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆ గోధుమరంగుది ఆడబాతు. దానితో మొదలుపెట్టడానికి ఇంకొక కారణం అరుపు. అందరూ అనుకరించే ఆ బిగ్గర క్వాక్ క్వాక్ ఆడబాతుదే. మగబాతు గొంతు సన్నగా, బొంగురుగా ఉంటుంది. ఇది విన్న పిల్లలు చాలాసేపు కళ్లు మూసుకుని ఎవరు అరుస్తున్నారో చెప్పే ఆట ఆడతారు.

మీ ఎనిమిదేళ్ల బిడ్డకు అసలైన పొడుపుకథ సంతానకాలం ముగిశాక దొరుకుతుంది. మగబాతులు ఆకుపచ్చ ఈకలు రాల్చేసి, ఇంచుమించు ఆడబాతుల్లా మారిపోతాయి. రెక్కల ఈకలు కూడా ఒకేసారి రాలడం వల్ల మూడు నాలుగు వారాలు ఎగరలేవు. అప్పుడు ముక్కు చూడమనండి: మగదానిది పసుపుగానే ఉంటుంది, ఆడదానిది నారింజరంగు మీద నల్లని మరకలతో ఉంటుంది.

పిల్లబాతులు కనిపిస్తే మాత్రం దూరం పాటించాలి. తల్లి సాధారణంగా ఎనిమిది నుంచి పదమూడు గుడ్లు పెట్టి, సుమారు 28 రోజులు పొదుగుతుంది. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే దాని వెనక నీటికి చేరి, తిండి తామే వెతుక్కుంటాయి. ఒంటరిగా కనిపించిన పిల్లను మావాళ్లు ఇంటికి తెద్దామని పట్టుబట్టారు. పక్కకు జరిగి కాసేపు ఆగితే తుంగ వెనక నుంచి తల్లి వచ్చింది. రొట్టె ముక్కలు వేయనివ్వకండి: వాటితో కడుపు నిండుతుందేగాని పోషణ అందదు, మిగిలినవి నీటిని పాడుచేస్తాయి. మేమూ మొదట్లో వేశాము.

బాతులు వరుసగా పడుకుని ఉంటే వెంటనే వెనక్కి వచ్చేయకండి. వరుస చివర ఉన్న మల్లార్డ్‌లు బయటివైపు కన్ను తెరిచి, మెదడులో సగాన్ని మెలకువగా ఉంచి నిద్రపోతాయని 1999లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అది చెప్పినప్పటినుంచి మా అమ్మాయి మధ్యలో ఉన్నవాటి వైపు చూడదు. నేరుగా వరుస చివర ఉన్నదాని ఎదుటికి వెళ్లి, దూరంగా చతికిలబడి, ఆ కన్ను ఎప్పుడు మూస్తుందా అని కాచుకుని కూర్చుంటుంది.