అమ్మానాన్నలతో, పిల్లలతో టెక్సాస్‌లో నిజమైన కౌబాయ్ ఊరు చూడాలంటే బాండెరా వెళ్ళొచ్చా?

ఇండియా నుంచి అత్తమామలు వస్తున్నారు, ఇద్దరు పిల్లలు, ఉండేది ఆస్టిన్‌లో, టికెట్ కొని చూసే తమాషా కాకుండా నిజంగా కౌబాయ్‌లు తిరిగే ఊరు కావాలి, బాండెరా బాగుంటుందా, ఒక్క రోజు చాలా అని కదా మీ ప్రశ్న. వెళ్ళండి. కానీ ఒక్క రోజుకి వెళ్ళకండి. మేం రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి ఒక్క రోజుకి వెళ్ళి "ఇంతేనా" అనుకుంటూ తిరిగొచ్చాం. రెండోసారి మా అమ్మానాన్నలతో రెండు రాత్రులు ఉన్నాం. మా నాన్నది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా అమెరికా అనగానే ఆయన చెప్పేది నయాగరా గురించి కాదు, బాండెరా గురించే.

ముందు ఊరి సంగతి. శాన్ ఆంటోనియో నుంచి వాయవ్యంగా గంట ప్రయాణం, ఆస్టిన్ నుంచి రెండు గంటల పైనే. మెదీనా నది ఒడ్డున ఉంటుంది. జనాభా వెయ్యి కూడా లేదు. మెయిన్ స్ట్రీట్ ఈ చివర నుంచి ఆ చివరికి పది నిమిషాల నడక. ఊళ్ళోకి వస్తుంటే "ప్రపంచ కౌబాయ్ రాజధాని" అని బోర్డు కనిపిస్తుంది. మా ఆయన నవ్వాడు, "మండలమంత లేదు, ప్రపంచ రాజధానా" అని. ఆ మాటకి ఆధారం లేకపోలేదు. 1870ల్లో వేలకొద్దీ పశువుల మందల్ని ఉత్తరాన కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీ దాకా తోలుకెళ్ళిన గ్రేట్ వెస్టర్న్ ట్రెయిల్ ఇటుగానే వెళ్ళింది.

ఊళ్ళోని మ్యూజియంలో ఇది వినగానే మా నాన్న అడిగిన మొదటి మాట: "అంత దూరం ఎందుకే తోలుకెళ్ళడం? ఇక్కడే అమ్ముకోకూడదా?" లెక్క ఏమిటంటే, అమెరికా అంతర్యుద్ధం (సివిల్ వార్) అయ్యాక టెక్సాస్‌లో పశువులు ఎక్కువ, కొనేవాళ్ళు లేరు. ఇక్కడ నాలుగు డాలర్లు పలికే పశువు ఉత్తరాదిలో నలభై దాకా పలికేది. రైలు ఉన్న చోటికి చేరిస్తే చాలు. అందుకే పది పన్నెండు మంది కుర్రాళ్ళు రెండు మూడు వేల పశువుల్ని రోజుకి పది పదిహేను మైళ్ళ చొప్పున, మధ్యలో మేపుకుంటూ నెలల తరబడి నడిపించేవాళ్ళు. సినిమాల్లో చూసే ఆ కాలం మొత్తం కలిపితే పాతికేళ్ళు కూడా లేదు. 1874లో ముళ్ళకంచెకి పేటెంట్ వచ్చింది, మందలు నడిచే దారులకి కంచెలు పడ్డాయి, రైళ్ళు దక్షిణానికి దిగాయి, దాంతో మందలు తోలడం ఆగిపోయింది. "అంటే వీళ్ళు మన గొడ్లకాపర్లే" అని నాన్న తేల్చేశారు. అంతకన్నా మంచి నిర్వచనం నాకు ఎక్కడా దొరకలేదు. జీతం తక్కువ, ఎండావానా, పొద్దున్నే లేవడం. చరిత్రకారుల అంచనా ప్రకారం ఆ రోజుల్లో నలుగురు కౌబాయ్‌లలో ఒకరు నల్లజాతి వ్యక్తి. ఇక ఈ పనికి గురువులు మెక్సికో వకేరోలు, అంటే అక్కడి పశువుల కాపర్లు. రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద పొలం), రోడియో (కౌబాయ్ పందేలు), లాస్సో, లారియట్ (పశువుల్ని పట్టే తాళ్ళు) అన్నీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే.

ఆ మ్యూజియం పేరు ఫ్రాంటియర్ టైమ్స్ మ్యూజియం, 1933 నుంచి ఉంది. చిన్నదే, కానీ పిల్లలకి తెగ నచ్చుతుంది, ఎందుకంటే అందులో ఏ వరసా ఉండదు. పాత జీనులు, తుపాకులు, గంటలు, రెండు తలల మేకపిల్ల, ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కుదించిన మనిషి తల. మా చిన్నది ఆ తల దగ్గర నుంచి కదల్లేదు. ఆ రాత్రి నా పక్కలోనే పడుకుంది కూడా, అది వేరే విషయం. వారం మొదట్లో వెళితే ఊళ్ళో చాలా తలుపులు మూసి ఉంటాయి. మేం మొదటిసారి సోమవారం వెళ్ళి చేసిన తప్పు అదే. శుక్రవారం మధ్యాహ్నానికి చేరి ఆదివారం బయల్దేరేలా చూసుకోండి.

శనివారం కోర్టు దగ్గర కౌబాయ్ వేషాలు కట్టి తిరుగుతుంటారు, ఉత్తుత్తి తుపాకుల పోట్లాటలు కూడా ఉంటాయి. అది ప్రదర్శన, చూసి నవ్వుకోండి. అక్కడే కోర్టు ముందు ఈ కౌంటీ నుంచి వచ్చిన రోడియో విజేతల కోసం పెట్టిన కంచు విగ్రహం ఉంటుంది. దూడల్ని తాడేసి పట్టడంలో ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన టూట్స్ మాన్స్‌ఫీల్డ్ పుట్టింది ఇక్కడే. వేషగాళ్ళెవరో అసలు మనుషులెవరో తెలియాలంటే బూట్లు చూడమని మా నాన్న కనిపెట్టారు. పేడ అంటుకుని ఉంటే అసలు మనిషి.

అలాంటి ఒక పెద్దాయన చక్‌వాగన్ దగ్గర, అంటే మందతో పాటు వెళ్ళే వంట బండి దగ్గర, కాఫీ తాగుతూ కనిపించాడు. నాన్న వెళ్ళి నమస్కారం పెట్టి, నన్ను అనువదించమని అడిగారు: "ఆయనకి ఎన్ని పశువులు?" నేను ఆలోచించకుండా అడిగేశాను. పెద్దాయన టోపీ కొంచెం పైకి జరిపి, "సరిపోయేన్ని" అని కాఫీలోకి చూస్తూ ఉండిపోయాడు. ఏదో తేడా జరిగిందని అర్థమైంది కానీ ఏమిటో తెలీలేదు. తర్వాత మేం దిగిన రాంచ్‌లో పనిచేసే అమ్మాయి చెప్పింది, ఇక్కడ పశువుల లెక్క అడగడమంటే బ్యాంకులో ఎంత ఉందని అడగడమేనట. నాన్నకి చెబితే, "మనూళ్ళో ఎన్నెకరాలు, ఎన్ని గొడ్లు అని అడక్కపోతే పలకరించడం కూడా రాదంటారు కదే" అని నొచ్చుకున్నారు. మీ మామగారికి ముందే చెప్పి ఉంచండి. ఇంకొకటి, ఎదుటివాళ్ళ టోపీని ముట్టుకోకూడదు. మా పెద్దోడు ఒకాయన బల్లమీద పెట్టిన టోపీని అభిమానంతో సర్ది పెట్టబోయాడు. టోపీని అంచు కిందకి వచ్చేలా పెట్టరు, బోర్లిస్తే అంచు పాడవుతుంది, అదృష్టం కారిపోతుందని కూడా అంటారు. మంచం మీద అసలే పెట్టరు.

ఇక రోడియో. వేసవిలో వారాంతాల్లో సాయంత్రం పూట ఉంటుంది, వెళ్ళే ముందు ఏ రోజో కనుక్కోండి. చిన్న ఊరి రోడియో కాబట్టి చెక్క బెంచీలు, దుమ్ము, పేడ వాసన, అన్నీ దగ్గరగా. ముందు ప్రార్థన, తర్వాత జెండాతో గుర్రం మీద ఒక అమ్మాయి చుట్టూ తిరుగుతుంది, జాతీయగీతం, అందరూ టోపీలు తీసి నిలబడతారు. "మటన్ బస్టింగ్" అని మైకులో చెప్పగానే మా అమ్మ "భోజనాలు పెడుతున్నారా" అని అడిగింది. కాదు, ఐదారేళ్ళ పిల్లల్ని హెల్మెట్ పెట్టి గొర్రె మీద కూర్చోబెట్టి వదలడం. పిల్లలు నాలుగు అడుగుల్లో కింద పడతారు, దులుపుకుని లేస్తారు, జనం చప్పట్లు కొడతారు. మా చిన్నది కూడా ఎక్కుతానంది. ఎక్కలేదు. నేనే ఎక్కనివ్వలేదు, ఇప్పటికీ దానికి నా మీద కోపమే.

ఆడవాళ్ళ బారెల్ రేసింగ్ చూసి తీరాలి. మూడు డ్రమ్ముల చుట్టూ గుర్రాన్ని తిప్పుకుని రావడం, అంతే, కానీ గుర్రం దాదాపు నేలకి ఒరిగిపోతూ మలుపు తిరుగుతుంటే గుండె ఆగినంత పనవుతుంది. ఆఖర్న బుల్ రైడింగ్. ఎనిమిది సెకన్లు, ఒక చేత్తోనే పట్టుకోవాలి, రెండో చెయ్యి దేనికీ తగలకూడదు. నూటికి మార్కులు వేస్తారు, అందులో సగం ఎద్దుకి. ఎద్దు సరిగ్గా ఎగరకపోతే పైన ఎంత బాగా కూర్చున్నా మార్కులు రావు. ఇది విని నాన్న చాలా సంతోషించారు. "మా బండలాగుడు పందేల్లో కూడా అంతే, పేరు ఎడ్లకే, మనిషిదేముంది" అన్నారు.

అప్పుడు చ్యూట్‌లోకి, అంటే ఎద్దుని వదిలే ఇరుకు గదిలోకి, ఒక బూడిద రంగు ఆబోతు వచ్చింది. మూపురం, వేలాడే గంగడోలు. నాన్న బెంచీ మీంచి లేచిపోయారు. "ఒసేయ్, ఇది మన గిత్తే!" నేను ఊరికే అనుకున్నాను. పక్కన కూర్చున్న ముసలాయన్ని అడిగితే, "అవును, బ్రేమర్ రక్తం" అన్నాడు. బ్రాహ్మన్ అని రాస్తారు, బ్రేమర్ అని పలుకుతారు. మన దేశం నుంచి వచ్చిన పశువులతో ఇక్కడ తయారైన జాతి అది. ఒంగోలు, గిర్, కాంక్రేజ్ రక్తాలు అందులో ఉన్నాయి. టెక్సాస్ తీరంలోని ఒక పెద్ద రాంచ్ 1906లో నేరుగా ఇండియా నుంచే తెప్పించుకుంది. కారణం మనకి తెలిసిందే: యూరప్ పశువులు ఈ ఎండకీ పిడుదులకీ తట్టుకోలేక పడిపోయేవి, మనవి తట్టుకున్నాయి. 1924లో ఆ జాతికి సంఘం ఏర్పడి బ్రాహ్మన్ అని పేరు పెట్టారు. నాన్న అయితే "ఒంగోలు అని పెట్టాల్సింది" అని ఇంకా వాదిస్తారు. మన గిత్తల్నే బ్రెజిల్లో నెల్లూరు పేరుతో, నెలోరీ అని పిలుస్తారు. ప్రకాశం జిల్లా వాళ్ళ దగ్గర ఆ ముక్క ఎత్తకండి.

ఆ తర్వాత గంటసేపు నాన్నా, ఆ ముసలాయనా కంచె పట్టుకుని మాట్లాడుకున్నారు. నేను మధ్యలో అనువాదం. మాటల్లో సగం చేతుల్తోనే అయిపోయాయి. ముకుతాడు లేకుండా ఎద్దుని ఎలా ఆపుతారని నాన్న అడిగారు. ఆపేది గుర్రం అన్నాడాయన. మందలోంచి ఒక్క దూడని విడదీయాలంటే మనిషి కళ్ళెం కదపక్కర్లేదట, గుర్రమే దూడ ఎటు తిరగబోతోందో ముందే చూసుకుంటుందట. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కారెక్కాక అన్నారు: "వీళ్ళకి గుర్రం మన ఎద్దు. పేరు పెట్టుకుంటారు, చస్తే ఏడుస్తారు. ఎద్దేమో వీళ్ళకి పంట." నేను ఆ ఊరి గురించి చదివిన దేన్లోనూ ఇంత సూటిగా లేదు.

కాబట్టి ఒక విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఈ ఊరు బీఫ్ మీద బతికే ఊరు. ప్రతి మెనూలో అదే, గోడల మీద కొమ్ములు. రోడియోలో దూడ మెడకి తాడేసి, కింద పడేసి, కాళ్ళు కట్టే పోటీ ఉంటుంది. మా అమ్మ అది చూడలేక లేచి వెళ్ళి పార్కింగ్‌లో కూర్చుంది. నా మటుకు నాకు కూడా ఆ ఒక్కటీ నచ్చలేదు. మీ అత్తగారికి అలాంటివి పడకపోతే ఆ పది నిమిషాలూ బయటికి తీసుకెళ్ళండి, తర్వాత రావచ్చు.

ఇక తిండి సంగతి. 1921 నుంచి నడుస్తున్న ఓ.ఎస్.టి. రెస్టారెంట్‌కి వెళ్ళండి, అక్కడ బార్ ముందు కుర్చీల బదులు జీనులు ఉంటాయి. అమ్మ చీరలో ఒక పక్కకి కూర్చుని ఫోటో దిగింది. ఆ ఫోటో మా ఊళ్ళో అందరి ఫోన్లలో ఉంది. శాకాహారులైతే జాగ్రత్త: బీన్స్ అంటే బీన్సే అనుకోకండి, అందులో పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు. బిస్కెట్ల (ఇక్కడ మెత్తటి రొట్టెల్ని అలా అంటారు) మీద పోసే తెల్ల గ్రేవీలో కూడా సాసేజ్ ఉండొచ్చు. ఒకచోట అడిగితే "మాంసం లేదు" అన్నారు, అమ్మ రెండు చెంచాలు తిన్నాక ముక్క తగిలింది. వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు, రుచి కోసం వేసింది. పాన్‌కేకులు, గ్రిల్డ్ చీజ్, హాష్‌బ్రౌన్స్ దొరుకుతాయి. మేం రెండోసారి పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాం. గోంగూర ఆ రాంచ్ అమ్మాయి కూడా తిని మళ్ళీ అడిగి వేసుకుంది.

బసకి ఊరి చుట్టూ డ్యూడ్ రాంచ్‌లు ఉన్నాయి. 1920ల నుంచీ ఇక్కడ పట్నం వాళ్ళని పెట్టుకుని భోజనం, గుర్రపు స్వారీ ఇవ్వడం ఒక వ్యాపారం. చాలా చోట్ల రెండు రాత్రులు తప్పనిసరి, మూడు పూటలా తిండి, స్వారీ అన్నీ కలిపే ధర ఉంటుంది. ఖరీదే. అయినా నేను అక్కడే ఉండమంటాను, ఎందుకంటే పొద్దున ఆరింటికి గుర్రాలకి దాణా వేయడం, జీను కట్టడం చూడొచ్చు. మా నాన్న ఆ వేళకే స్వెట్టర్ వేసుకుని దొడ్డి దగ్గర హాజరు. జూన్‌లో స్వెట్టర్ ఎందుకని అడక్కండి. స్వారీకి చిన్న పిల్లలకి వయసు పరిమితి, పెద్దవాళ్ళకి బరువు పరిమితి ఉంటాయి, బుకింగ్ అప్పుడే అడగండి. ప్యాంటు, మూసి ఉండే బూట్లు కావాలి. ఎండ గురించి చెప్పక్కర్లేదు, జులై, ఆగస్టుల్లో మన రోహిణి కార్తె గుర్తొస్తుంది. స్వారీకి మార్చి, ఏప్రిల్ హాయి, కానీ రోడియోలు ఎక్కువుండేది వేసవిలో, కాబట్టి మీ వాళ్ళు మేలో వస్తే జూన్ మొదట్లో వెళ్ళండి. స్వారీ పొద్దున్నే పెట్టుకోండి, మధ్యాహ్నం మెదీనా నదిలో సైప్రస్ చెట్ల నీడన పిల్లల్ని నీళ్ళలో వదిలేయండి.

బయల్దేరే రోజు పొద్దున ఆ కాఫీ పెద్దాయన పెట్రోలు బంకు దగ్గర మళ్ళీ కనిపించాడు. నాన్న ఈసారి లెక్క అడగలేదు. ఫోన్ తీసి మా ఇంటి గిత్తల జత ఫోటో చూపించారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోటోని పెద్దది చేసి మూపురం, గిట్టలు, గంగడోలు అన్నీ చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీ నాన్నకి ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు. నేను అనువదించాను. నాన్న టోపీ లేకపోయినా ఉన్నట్టే నుదుటి మీద వేలు పెట్టి పైకి జరిపి, "సరిపోయేన్ని" అన్నారు.