‘బాగానే ఉన్నా’ అనే తల్లి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే విషయం మీద ఉన్నాయి: అమెరికాలో ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న నల్లజాతి తల్లుల మానసిక ఆరోగ్యం. రాసినవాళ్లంతా తెలుగువాళ్లే. ఒకరికి ఆమె మనవడి తల్లి, ఒకరికి ఆఫీసులో పక్క సీటు మనిషి, ఇంకొకరికి క్లినిక్‌కి వచ్చే తల్లి. ఉత్తరాలను కుదించి, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇస్తున్నాం.

మా అబ్బాయి, ఒక నల్లజాతి అమ్మాయి డాలస్‌లో కలిసి ఉండి విడిపోయారు. మనవడికి ఏడో నెల. ఆ అమ్మాయి ఒక్కతే పెంచుకుంటోంది. ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నా’ అంటుంది, కానీ గొంతులో జీవం ఉండదు, ప్రతిదానికీ విసుక్కుంటుంది. వచ్చే నెల వెళ్లి మూడు నెలలు ఉంటాను. నావల్ల ఏమవుతుంది?
– ఒక నాయనమ్మ, కరీంనగర్

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ విసుగును పొగరనుకోకండి. కాన్పయ్యాక ఏడాదిలోపు ఎప్పుడైనా డిప్రెషన్ రావచ్చు. అది ఏడుపుగానే బయటపడాలని లేదు. చిరాకు, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, ఏ పనీ మొదలుపెట్టలేని నీరసం కూడా దాని రూపాలే. నల్లజాతి తల్లుల్లో ఇవి కనబడితే చుట్టుపక్కలవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా ‘ఆమె తీరే అంత’ అని వదిలేస్తారు.

‘ఎలా ఉన్నావు’ అని అడిగితే ‘బాగానే ఉన్నా’ అనే వస్తుంది. ఇలా అడిగి చూడండి: ‘బిడ్డ పడుకున్నాక నీకు నిద్ర పడుతోందా?’ బిడ్డ లేపడం వల్ల నిద్ర చెడితే అది చాలావరకు అలసట. బిడ్డ హాయిగా పడుకున్నా తల్లికి కన్ను మూతపడటం లేదంటే, అది రెండు వారాలు దాటిందంటే, డాక్టరుకు చూపించాల్సిందే.

మన దగ్గర ఆడదాన్ని ‘భూదేవంత ఓర్పు’ అని మెచ్చుకుంటాం. అక్కడ ‘బలమైన నల్లజాతి స్త్రీ’ అనే మాట సరిగ్గా అదే పని చేస్తుంది. నర్సింగ్ పరిశోధకురాలు చెరిల్ వుడ్స్ జిస్కోంబే 2010లో దీన్ని విడమరిచి చెప్పారు: ఎప్పుడూ గట్టిగా కనబడాలి, భావాలు దాచుకోవాలి, ఎవరి మీదా ఆధారపడకూడదు, చేతిలో ఏమీ లేకున్నా గెలవాలి, ముందు ఇతరులకు సాయం చేయాలి. ఈ అయిదూ మోస్తున్న మనిషితో మీరు కూడా ‘నువ్వెంత ధైర్యవంతురాలివమ్మా’ అంటే, ‘నావల్ల కావడం లేదు’ అని ఆమె ఇక ఎవరితో చెప్పుకుంటుంది? ఆ మెప్పు వద్దు. పని అందుకోండి.

అన్నిటికంటే ముందు రాత్రి నిద్ర. తల్లికి ఏకబిగిన అయిదు గంటలు దొరకాలి. రాత్రి 10 నుంచి 3 దాకా బిడ్డ బాధ్యత పూర్తిగా మీది, 3 తర్వాత ఆమెది. పాలిస్తుంటే ముందే పిండి పెట్టమనండి. తల్లిపాలు గది వేడిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవుంటాయి. ఆమె పడుకునే గది వేరుగా ఉండాలి, తలుపు మూసి ఉండాలి. ఒకే గదిలో ఉంటే బిడ్డ చిన్న మూలుగుకే తల్లికి మెలకువ వస్తుంది, మీ శ్రమంతా వృథా. వారం రోజులు ఇలా నిద్రపోయాక కూడా మనిషి తేరుకోకపోతే అది అలసట ఒక్కటే కాదని మీకే తెలుస్తుంది.

నూనె మర్దన, కాటుక, ఉగ్గు గురించి ఆమె అడిగితేనే చెప్పండి. మీ అబ్బాయి మాటలు ఆమెకూ, ఆమె మాటలు మీ అబ్బాయికీ చేరవేయకండి. మీ అబ్బాయితో మాత్రం ఒకటి గట్టిగా చెప్పండి: టెక్సస్ చట్టం లెక్కలో ఒక బిడ్డకు తండ్రి ఇవ్వాల్సింది, ఒక ఆదాయ పరిమితి వరకు, నికర ఆదాయంలో 20 శాతం. ఆ డబ్బు ప్రతి నెలా ఒకే తేదీన రావాలి. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు ఆమె నిద్రను బిడ్డ ఏడుపుకంటే ఎక్కువ పాడుచేస్తుంది.

ఆమె కాన్పు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మీద జరిగి ఉంటే ఇంకో గడువు కూడా ఉంది. టెక్సస్‌లో 2024 మార్చి 1 నుంచి కాన్పు తర్వాత కవరేజీ 2 నెలల బదులు 12 నెలలు ఉంటోంది. మీరు వెళ్లేసరికి బిడ్డకు ఎనిమిదో నెల, అంటే నాలుగైదు నెలలే మిగులుతాయి. మొదటి అపాయింట్‌మెంట్ మీరు చేరిన వారంలోనే పెట్టించండి. డాక్టరు దొరికేలోపు తల్లుల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది: 1-833-852-6262. రాత్రీ పగలూ పనిచేస్తుంది, మెసేజ్ పెట్టినా పలుకుతారు.

డెట్రాయిట్‌లో పిల్లల డాక్టరును. టీకాలకు వచ్చే తల్లులకు, కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇస్తాం. కొందరు నల్లజాతి తల్లులు అన్నిటికీ సున్నా పెట్టి ఇచ్చేస్తారు. మనిషిని చూస్తే అలా అనిపించదు. లోపం ఎక్కడ?

లోపం చాలావరకు మీరు కాగితం ఇచ్చే తీరులో ఉంటుంది. ఆ తల్లి భయం ఊహించుకున్నది కాదు. అమెరికాలో నల్లజాతి పిల్లల్లో 18 ఏళ్లలోపు శిశు సంరక్షణ శాఖ విచారణను చూసేవారు సగం పైనే, 53 శాతం, అని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మొత్తం పిల్లల్లో అది 37 శాతం. ‘నాకు నేనే హాని చేసుకోవాలనిపించింది’ అన్న గడిలో టిక్కు పెడితే బిడ్డను తీసుకుపోతారేమోనని ఆమె లెక్క వేసుకుంటోంది. సున్నా ఆ లెక్కలోంచి వచ్చిన జవాబు.

కాగితాన్ని వెయిటింగ్ హాల్లో, పక్కన చుట్టాలు కూర్చుని ఉండగా, బీమా ఫారాల మధ్యలో పెట్టి ఇవ్వకండి. గదిలోకి పిలిచి, తలుపు వేసి, మూడు సంగతులు చెప్పాక ఇవ్వండి: ఇది ప్రతి తల్లికీ ఇస్తాం; దీన్ని ఫలానా వాళ్లే చూస్తారు; డిప్రెషన్ ఉందని తేలడం, చికిత్స తీసుకోవడం బిడ్డను వేరుచేయడానికి కారణాలు కావు. నాలుగోది దాచొద్దు: బిడ్డకు హాని జరుగుతోందని అనుమానం వస్తే తెలియజేయాల్సిన చట్టబాధ్యత మీకుంది. ఆ సంగతి ఆమెకు ఎలాగూ తెలుసు. మీరు దాస్తే మిగతా మూడూ నమ్మదు.

ప్రశ్నలు 10, గత 7 రోజుల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. చాలాచోట్ల 13 వస్తేనే కదులుతారు. 10 దగ్గరే కూర్చుని మాట్లాడటం మంచిది, ఎందుకంటే ఈ ప్రశ్నావళి ఒంటి నొప్పులను, నీరసాన్ని అడగదు. తనకు తాను హాని చేసుకోవడం గురించి అడిగే 10వ ప్రశ్నకు సున్నా కాక ఏది వచ్చినా, మొత్తం ఎంతున్నా, ఆ రోజే మాట్లాడాలి. అన్నీ సున్నాలైతే ‘చాలా బాగుంది’ అని ఫైల్లో పెట్టేయకుండా నిద్ర గురించి, తిండి గురించి నోటితో అడగండి. 1, 2, 4, 6 నెలలకు ఎలాగూ వస్తుంది కాబట్టి మళ్లీ ఇవ్వండి. నమ్మకం మూడోసారికి కుదరొచ్చు.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. న్యూజెర్సీలో మెడికెయిడ్ మీదున్న బాలింతల లెక్కలు చూస్తే, కాన్పు తర్వాత మానసిక చికిత్స మొదలుపెట్టినవారు తెల్లవారిలో 9 శాతమైతే నల్లజాతివారిలో 4 శాతమే. చేతిలో ఫోన్ నంబర్ పెట్టి పంపితే వెళ్లరు. గంటల లెక్కన జీతం, రెండు బస్సులు, బిడ్డను చూసుకునే మనిషి లేకపోవడం, ఆరు వారాల తర్వాత దొరికే అపాయింట్‌మెంట్. ఇన్ని గడపలు ఒక్కతే దాటలేదు. ఆమె గదిలో ఉండగానే ఫోన్ చేసి తేదీ ఖాయం చేయించండి. వీడియో కాల్, సాయంత్రం సమయం, బిడ్డను వెంట తెచ్చుకోవచ్చన్న మాట, ఈ మూడూ అడగండి. మీ రాష్ట్రంలో మిషిగన్ విశ్వవిద్యాలయం నడిపే ఎమ్‌సీ3 కార్యక్రమంలో సైకియాట్రిస్టులు మీలాంటి డాక్టర్లకు ఫోన్లో సలహా ఇస్తారు. దాన్ని వాడుకోండి.

వాళ్లలో కుటుంబ వ్యవస్థ లేదు కాబట్టే ఈ బాధలని మా బంధువులు అంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, తెనాలి

ఈ మాట పాతదే. 1965లో అమెరికా కార్మిక శాఖలో ఉన్న డేనియల్ పాట్రిక్ మోయ్నిహన్ నివేదిక నల్లజాతివారి కష్టాలకు తల్లుల చేతిలో నడిచే కుటుంబాలను మూలంగా చూపించింది. అదే కాలంలో కొన్ని రాష్ట్రాల సంక్షేమ నిబంధనలు ఏం చేశాయో చూడండి: తల్లి దగ్గరకు మగమనిషి వస్తున్నాడని తేలితే పిల్లల భత్యం ఆపేసేవారు. అలబామాలో ఈ నిబంధనను సుప్రీంకోర్టు 1968లో కొట్టేసింది. అప్పటికి ఎన్ని ఇళ్లలో తండ్రి గుమ్మం బయటే ఉండిపోయాడో ఆలోచించండి. తర్వాతి దశాబ్దాల్లో జైళ్లు నల్లజాతి మగవాళ్లతో నిండాయి.

పెళ్లి కాలేదన్నా, వేరే ఇంట్లో ఉంటున్నాడన్నా తండ్రి లేడని అర్థం కాదు. నల్లజాతి తండ్రులు పిల్లలకు తినిపించడం, స్నానం చేయించడం వంటి పనుల్లో మిగతావారికి తీసిపోరని 2013లో ప్రభుత్వ ఆరోగ్య గణాంకాలే చూపించాయి. అమ్మమ్మలు, పిన్నులు, చర్చి తోటివాళ్లు కలిసి పెంచే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి.

ఇక తల్లి మనసు ఎందుకు అలసిపోతుందంటారా? పరిశోధకురాలు ఆర్లీన్ జెరోనిమస్ 1992లో ఒక వాదన ముందుకు తెచ్చారు: వివక్షను, కొరతను ఏళ్ల తరబడి ఎదుర్కొంటూ పోతే ఒళ్లు వయసుకు ముందే అరిగిపోతుంది. 2023లో ప్రతి లక్ష కాన్పులకు ప్రసూతి మరణాలు తెల్లవారిలో 14.5, నల్లజాతివారిలో 50.3. కాన్పు గదిలోకి అడుగుపెట్టే నల్లజాతి స్త్రీకి ఈ సంగతి తెలుసు. ఆ భయంతోనే కంటుంది.

డబ్బు చేతిలో పెడితే ఏమవుతుందో మిసిసిపీలోని జాక్సన్‌లో చూశారు. మాగ్నోలియా మదర్స్ ట్రస్ట్ 2018 చివర్లో 20 మంది నల్లజాతి తల్లులకు ఏడాదిపాటు నెలకు 1,000 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దేనికి ఖర్చు చేయాలో షరతు పెట్టలేదు. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో 2024 జనవరి నుంచి గర్భిణికి 1,500 డాలర్లు, బిడ్డ పుట్టాక ఏడాదిపాటు నెలకు 500 ఇస్తున్నారు. తల్లిని నమ్మి డబ్బు ఇవ్వడం కూడా మానసిక వైద్యంలో భాగమేనని మా గట్టి అభిప్రాయం.

అట్లాంటా దగ్గర మా టీమ్‌లో ఒకామె ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచుతోంది. సెలవు పెడితే ఉద్యోగం పోతుందని డాక్టరు దగ్గరకు వెళ్లడం లేదు. నేను జోక్యం చేసుకోవచ్చా?

సమాచారం అందించవచ్చు, నిర్ణయం ఆమెది. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ప్రకారం 50 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో 12 నెలలు, అందులో చివరి ఏడాది 1,250 గంటలు పనిచేసి ఉంటే ఏడాదికి 12 వారాల సెలవు హక్కు. జీతం రాదు, ఉద్యోగం పోదు. చాలామందికి తెలియనిది ఏమంటే, దీన్ని ముక్కలుగా వాడుకోవచ్చు. వారానికి 40 గంటల ఉద్యోగమైతే 12 వారాలంటే 480 గంటలు. వారానికి మూడు గంటలు థెరపీకి తీసుకుంటే ఏడాదంతా వాడినా మూడో వంతు కూడా కరగదు. డాక్టరు ఇచ్చే పత్రంలో జబ్బు పేరు రాయాల్సిన అవసరం లేదు. ఆ పత్రం హెచ్ఆర్ దగ్గరే ఉండాలి, మేనేజరు చేతికి వెళ్లకూడదు.

తన జాతి థెరపిస్టే కావాలని ఆమె అనుకుంటే అది గారాబం కాదు. తన అనుభవాన్ని మొదటి నుంచి వివరించి ఒప్పించాల్సిన పని తప్పుతుంది. అమెరికా సైకాలజిస్టుల్లో నల్లజాతివారు నూటికి అయిదుగురి దగ్గరే కాబట్టి వెతకాలి. థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్ అనే థెరపిస్టుల జాబితా అట్లాంటా సైకాలజిస్టు జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫర్డ్ మొదలుపెట్టిందే. లవ్‌లాండ్ ఫౌండేషన్ థెరపీ ఖర్చుకు వోచర్లు ఇస్తుంది. మొదటి ఫోన్లోనే బీమా తీసుకుంటారా, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారా అని అడగమనండి.

మీరు చేయగలిగింది ఇంకోటుంది. సాయంత్రం 5 తర్వాత మీటింగులు పెట్టకండి. డేకేర్ మూసే వేళ దాటితే నిమిషాల లెక్కన జరిమానా కట్టే చోట్లున్నాయి.

పాలిచ్చే తల్లి డిప్రెషన్ మందులు వాడొచ్చా?

వాడొచ్చు, డాక్టరు చెప్పినట్టు. సర్‌ట్రలిన్ పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది కాబట్టి తరచూ దాంతోనే మొదలుపెడతారు. మొదటి వారం వికారం ఉండొచ్చు, గుణం కనబడటానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. ‘పనిచేయడం లేదు’ అని పదో రోజున మానేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. 2023 ఆగస్టులో అనుమతి పొందిన జురానొలోన్ మాత్ర 14 రోజులే, రాత్రిపూట కొవ్వున్న తిండితో వేసుకోవాలి. అయితే వేసుకున్నాక 12 గంటలు కారు నడపకూడదు, మగత గట్టిగా ఉంటుంది. పొద్దున్నే పిల్లల్ని దింపాల్సిన ఒంటరి తల్లికి ఆ రెండు వారాలూ ఇంట్లో ఇంకో పెద్దమనిషి లేకుండా అది సాధ్యం కాదు. ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

‘నేను లేకపోతేనే పిల్లలకు నయం’ అని పక్కింటామె అంది. పోలీసులను పిలవడానికి భయంగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, షార్లెట్

నేరుగా అడగండి: ‘చనిపోవాలని ఆలోచిస్తున్నావా?’ అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. ఇంట్లో ఆయుధం ఉందో లేదో, పిల్లలు ఎంతమందో చెప్పి, పోలీసులు కాకుండా మానసిక వైద్య బృందాన్ని పంపగలరా అని అడగండి. ఆ ఏర్పాటు చాలాచోట్ల ఉంది. తప్పక అత్యవసర నంబర్ 911కి చేయాల్సి వస్తే, ఇలాంటి పరిస్థితులకు శిక్షణ పొందిన అధికారి కావాలని మొదటి వాక్యంలోనే చెప్పండి. తుపాకీ ఉంటే ఇల్లు దాటించాలి, మాత్రలు వారానికి సరిపడానే ఉంచాలి. కాన్పయిన మొదటి వారాల్లో రోజుల తరబడి నిద్ర లేకుండా, లేనివి వినబడుతున్నాయనో, బిడ్డకు ఏదో పట్టిందనో అంటుంటే అది వేయి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే సైకోసిస్. అప్పుడు ఫోన్లో మాట్లాడుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోగా బిడ్డను ఆమె దగ్గర ఒంటరిగా ఉంచకూడదు.

ఆసుపత్రి అనగానే ఆమె అడిగేది ఒక్కటే ఉంటుంది: పిల్లల్ని ఎవరు చూస్తారు? జవాబు ముందే సిద్ధంగా ఉంటే వెళ్తుంది. మామూలు రోజున కూర్చుని ఒక కాగితం రాయించండి. మొదటి 24 గంటలు పిల్లలు ఎవరి దగ్గర, వాళ్ల ఫోన్ నంబర్, పిల్లల మందులు, పాల కొలత, బీమా కార్డు ఎక్కడుందో. మీ పేరే రాస్తే స్కూల్లో పిల్లల్ని తీసుకెళ్లేవారి జాబితాలో కూడా మీ పేరు చేర్పించాలి. ఆ జాబితాలో లేనివాళ్లకు స్కూలు పిల్లల్ని అప్పగించదు. కాగితం ఒకటి ఆమె ఫ్రిజ్ మీద, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.