న్యూట్రినో మోడల్‌కి ఎలక్ట్రాన్ డేటా ఎందుకు?

న్యూట్రినోలు (విద్యుదావేశం లేని, అతి తేలికైన కణాలు) అణు కేంద్రకాన్ని తాకితే ఏమవుతుందో చెప్పే లెక్కలు మొదలుపెట్టే ముందు ఎలక్ట్రాన్ డేటాతో సరిచూడమంటున్నారు, రెండూ వేరు కదా, టైమ్ వృథా కాదా అని అడిగారు. కాదండీ. ఆ మెట్టు దాటేసి నేను ఆర్నెల్లు పోగొట్టుకున్నాను.

ఎలక్ట్రాన్ ఎంత శక్తితో వస్తోందో ముందే తెలుసు. చెదిరి బయటికొచ్చాక మళ్లీ కొలిస్తే, కేంద్రకానికి ఎంత ఇచ్చిందో తీసివేతతో తేలిపోతుంది. న్యూట్రినో బీమ్‌లో రకరకాల శక్తులు కలిసి ఉంటాయి కాబట్టి మోడల్లో తప్పు ఆ గుంపులో కలిసిపోతుంది.

నా ఫెర్మీ గ్యాస్ కోడ్ (కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతున్నాయనుకునే సరళ మోడల్) న్యూట్రినో డేటాకి బాగానే సరిపోయింది. తర్వాత దాని గీతను కార్బన్ మీద 560 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి కొలత) ఎలక్ట్రాన్లు, 60 డిగ్రీల కోణం డేటా పక్కన గీశాను. ఎలక్ట్రాన్ ఇచ్చిన శక్తిని అడ్డంగా గీస్తే, విడిగా, కదలకుండా ఉన్న ప్రోటాన్ అయితే శిఖరం 129 ఎంఈవీ దగ్గర రావాలి. నా గీత ఇంచుమించు అక్కడే ఉంది, డేటా మాత్రం కుడికి జరిగి ఉంది. న్యూక్లియాన్‌ను (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) కేంద్రకంలోంచి లాగడానికి అయ్యే శక్తిని, కార్బన్‌కి సుమారు 25 ఎంఈవీ, కలపడమే మర్చిపోయాను!

అది సరిచేశాక ఇంకోటి బయటపడింది. ఆ శిఖరానికీ, న్యూక్లియాన్ ఎక్కువ శక్తి తీసుకుని డెల్టా అనే కణంగా మారే చోట వచ్చే డెల్టా శిఖరానికీ మధ్య లోయలో డేటా నా గీతకన్నా పైనే ఉంది. ఫెర్మీ మొమెంటం (మోడల్లో న్యూక్లియాన్లకుండే గరిష్ఠ మొమెంటం) ఎంత మార్చినా నిండలేదు. అక్కడ ఎలక్ట్రాన్ ఒక్క న్యూక్లియాన్‌ని కాదు, జంటను తాకుతోంది. న్యూట్రినోలతోనూ ఇదే చిక్కు: అమెరికాలోని న్యూట్రినో ప్రయోగం మినీబూన్ 2010లో ఆక్సియల్ మాస్ (మోడల్లో సరిచేసుకునే సంఖ్య, పెంచితే లెక్కలో తాకిడులు పెరుగుతాయి) 1.35 జీఈవీ (1,350 ఎంఈవీ) అని చెప్పింది, అంతకుముందు లెక్క సుమారు 1.03. ఆ డిటెక్టర్ ప్రధానంగా మ్యూయాన్‌నే (న్యూట్రినో తాకితే పుట్టే, ఎలక్ట్రాన్‌లాంటిదే కానీ బరువైన కణం) చూసేది, కాబట్టి జంటలూ ఒంటరి న్యూక్లియాన్ లెక్కలోనే పడిపోయాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ లోయ చూడకపోతే నేనూ ఆక్సియల్ మాస్ పెంచేసి ఊరుకునేవాణ్ణి.

అయితే ఎలక్ట్రాన్‌తో కుదిరిందని నిశ్చింతగా ఉండకండి. అది ఎలక్ట్రాన్‌కీ న్యూట్రినోకీ ఉమ్మడిగా ఉండే వెక్టర్ భాగాన్నే పరీక్షిస్తుంది, ఆక్సియల్ మాస్ వచ్చే ఆక్సియల్ భాగం న్యూట్రినోతోనే తేలాలి.

మీ టార్గెట్ ఆర్గాన్ అయితే జెఫర్సన్ ల్యాబ్ (అమెరికాలోని ఎలక్ట్రాన్ ప్రయోగశాల) టైటానియం డేటా కూడా చూడండి. ఆర్గాన్-40లో న్యూట్రాన్లు 22, టైటానియంలో ప్రోటాన్లు 22. న్యూట్రినో తాకి మ్యూయాన్ పుట్టించేది న్యూట్రాన్‌నే. ఆర్గాన్‌లో అవి ఎలా కూర్చున్నాయో ఊహించడానికి టైటానియం ప్రోటాన్లే దగ్గరి ఆధారం. మొదలు మాత్రం కార్బన్‌తోనే పెట్టండి, దాని మీద డేటా బోలెడుంది.