గని మూతపడకముందే తేల్చుకోవాల్సినవి

చిరంజీవికి ఆశీస్సులు.

బొగ్గు మీద బతికే నగరానికి హరిత ప్రణాళిక రాసే పని నీకు అప్పగించారని తెలిసింది. ముందు నగర ఖజానా లెక్క తీయించు. రాయల్టీ వాటా ఒక్కటే చూస్తే మోసపోతావు. కాంట్రాక్టర్లు, లారీలు, మరమ్మతు షెడ్లు, గని జీతాలతో నడిచే కొట్లు కట్టే పన్నులూ కలిపితేనే పడబోయే గండి ఎంతో తెలుస్తుంది.

తర్వాత, ఊరు ఏ దశలో ఉందో చూడు. చైనా 2013లో 262 వనరుల నగరాలను (గనుల వంటి సహజ వనరుల మీద బతికే ఊళ్లను) గుర్తించి, ఎదుగుతున్నవి, నిలదొక్కుకున్నవి, క్షీణిస్తున్నవి, కోలుకుంటున్నవి అని నాలుగు రకాలుగా విడదీసింది. నిల్వలు దండిగా ఉన్నచోట టన్నుకు ఇంతని మూసివేత నిధి పోగేయొచ్చు. అడుగంటినచోట ఆ అదను దాటిపోయింది, పై ప్రభుత్వం డబ్బివ్వక తప్పదు.

నిధి విషయంలో మొహమాటపడకు. కంపెనీ పద్దుల్లో 'కేటాయింపు' అని రాసుకున్నది దివాలా రోజున చిత్తుకాగితమే. మూడో పక్షం అధీనంలో, కంపెనీ చెయ్యి పడని ఎస్క్రో ఖాతాలో నగదు ఉండాలి. అంచనాల్లో అందరూ మరిచేది నీళ్ల ఖర్చు. పంపులు ఆపితే పాత సొరంగాలు నిండుతాయి. తవ్వినప్పుడు గాలి తగిలిన పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఆ నీటిని ఆమ్లంగా మార్చి, ఇనుముతో సహా వాగుల్లోకి పంపుతుంది. జర్మనీ బొగ్గు గనుల ప్రాంతం రూర్‌లో నేల కుంగింది కాబట్టి పంపులు ఎప్పటికీ తిప్పాల్సిందే. అందుకోసం 2007లోనే ఫౌండేషన్ పెట్టారు, చివరి గని మూసింది 2018లో. ఆ వరస గమనించు.

కాలుష్య పరిమితి ఒక్కటే బిగిస్తే చిన్న యూనిట్లు పొరుగూరికి తరలిపోతాయి, లేదా కరెంటు మిగులుతుందని రాత్రిళ్లు ఫిల్టర్లు ఆపేస్తాయి. చిమ్నీకి నిరంతరం కొలిచే మీటరు, ఫిల్టరుకు చౌక రుణం ఒకే ఉత్తర్వులో పెట్టు. సోలార్ సబ్సిడీ గ్రిడ్‌కెక్కిన కరెంటు యూనిట్లకే ఇవ్వు. బిగించిన మెగావాట్లకిస్తే ప్యానెళ్లు మిగులుతాయి, లైను ఉండదు.

శిక్షణ మూసివేతకు రెండు మూడేళ్ల ముందే మొదలవ్వాలి. ఎంతమందికి సర్టిఫికెట్లిచ్చారని అడగకు, కొత్త జీతం పాతదానిలో ఎంత శాతమో అడుగు. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు తేలిగ్గా మారతారు. యాభై దాటిన భూగర్భ కార్మికుడికి పెన్షన్ అందేదాకా నెలవారీ భృతే మేలు.

ఇక భూమి. హక్కులు తేలని నేల మీద బ్యాంకు అప్పివ్వదు. ఇంకా కుంగుతున్నచోట బరువైన యంత్రాల ఫ్యాక్టరీకి అనుమతివ్వకు. అది తెలియాలంటే పాత గని ప్లాన్లు కావాలి. సర్వే ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు మొదట పోయేవి అవే, కాబట్టి ఈ నెలలోనే స్కాన్ చేయించి ఒక కాపీ నగరపాలక సంస్థలో పెట్టించు.