కొత్త పేజీ సంగతి తర్వాత, ముందు చరిత్ర ట్యాబ్ నొక్కు

అమ్మాయ్,

వికీపీడియాలో నువ్వు రాసిన మొదటి వ్యాసం తొలగించేశారని, ఇంక ఎడిటింగ్ మానేద్దామనుకుంటున్నానని రాశావు. మానేయకు. తొలగించిన పేజీ మాయమైపోదు, నిర్వాహకులకు కనిపిస్తూనే ఉంటుంది. తొలగించిన వారి చర్చా పేజీకి వెళ్ళి కారణం మర్యాదగా అడుగు. కాపీరైట్ గొడవ ఏమీ లేకపోతే దాన్ని నీ ప్రయోగశాలలోకి, అంటే చిత్తుప్రతులు రాసుకునే నీ సొంత పేజీలోకి తెచ్చిపెట్టమని కూడా అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. కొత్తవాళ్ళందరికీ తామే ఒక కొత్త వ్యాసం మొదలెట్టాలని ఉంటుంది. కానీ అక్కడున్న పనుల్లో కష్టమైనది అదే. ఆ విషయంతో సంబంధం లేనివాళ్ళు దాని గురించి వివరంగా ఎక్కడైనా రాశారా లేదా అన్నది నువ్వు ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఎంత బాగా రాసినా నిలవదు.

అందుకని కొన్నాళ్ళు ఉన్న పేజీలు బాగుచెయ్యి. నీకు బాగా తెలిసిన విషయం మీద ఒక వ్యాసం తెరిచి, అది చదివే ముందు చరిత్ర ట్యాబ్ నొక్కు. ఏ వాక్యం ఎవరు ఎప్పుడు చేర్చారో, ఎవరు దాన్ని తిరగ్గొట్టారో, అంటే రద్దుచేసి పాత రూపానికి తెచ్చారో, మార్పు భద్రపరిచేటప్పుడు నింపే సారాంశం పెట్టెలో ఏం కారణం రాశారో అన్నీ ఉంటాయి. తర్వాత చర్చా పేజీ చదువు. నువ్వు మార్చాలనుకుంటున్న వాక్యం మీద ఈపాటికే ఇద్దరు వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చి ఉండొచ్చు. నాకు తెలిసి సహాయం పేజీలన్నీ బట్టీ పట్టినా రాని పని ఇలా నాలుగు చరిత్రలు చదివితే వస్తుంది.

ఇక అసలు సంగతి మూలాలు. అక్కడ నువ్వెవరో, ఎంత చదువుకున్నావో ఎవరికీ తెలియదు. తెలిసినా "నేను చెప్తున్నాను కదా" అంటే చెల్లదు. ముక్కూమొహం తెలియని మనిషి పదేళ్ళ తర్వాత వచ్చి నీ వాక్యం సరిచూసుకోగలగాలి, అంతే. కాబట్టి పుస్తకమైతే పేజీ నంబరుతో సహా ఇవ్వు. వెబ్ పేజీలు ఎప్పుడైనా మాయమవుతాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో ఒక ప్రతి దాచి ఆ లింకు కూడా పెట్టు. మూలం పేరాలో ఏ వాక్యానికి చెందుతుందో ఆ వాక్యం పక్కనే పెట్టాలి, పేరా చివర గుత్తగా నాలుగు మూలాలు పడేస్తే ఏది దేనికో ఎవరూ తేల్చలేరు. ఒక మనిషి పుట్టిన తేదీ రెండు మంచి పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంటే నీకు నచ్చినది ఎంచుకోకు, రెండూ రాసి ఏది ఎక్కడిదో చెప్పు. ఇంకో ప్రమాదం ఉంది. వికీపీడియాలో మూలం లేకుండా ఉన్న వాక్యాన్ని ఏ పత్రికో ఎత్తి రాసుకుంటుంది, తర్వాత ఎవరో అదే పత్రికను తెచ్చి ఆ వాక్యానికి మూలంగా తగిలిస్తారు. పత్రిక తేదీ, వాక్యం చేరిన తేదీ పోల్చి చూస్తే దొంగ దొరుకుతాడు. బతికున్న మనుషుల మీద మూలం లేని ఆరోపణ కనిపిస్తే మాత్రం చర్చ దాకా ఆగక్కర్లేదు, వెంటనే తీసేయ్.

ఇంగ్లీషు వ్యాసాన్ని అనువాద పరికరంతో తెచ్చేటప్పుడు, యంత్రం ఇచ్చిన వాక్యాలు పైకి చదివి చూడు. నాలుక మెలికపడితే తిరగరాయి. అక్కడి మూలాలను తెరిచి చూడకుండా ఇక్కడ అతికించకు, తెరిస్తే అసలు ఆ సంగతే లేనివి కూడా తగుల్తాయి. ఏ వ్యాసం నుంచి తెచ్చావో సారాంశంలో రాయడం మర్యాద మాత్రమే కాదు, వికీపీడియా లైసెన్సు షరతు కూడా. గూగుల్‌లో దొరికిన ఫొటో ఎక్కించకు, దొరికింది కదా అని అది స్వేచ్ఛా లైసెన్సులో ఉన్నట్టు, అంటే ఎవరైనా వాడుకోవచ్చని హక్కుదారు అనుమతిచ్చినట్టు కాదు.

శైలి గురించి ఎక్కువ చెప్పను. "మహానుభావుడు", "సుప్రసిద్ధ" లాంటి మాటలు తీసేసి, ఆయన చేసిన పని రాయి. తెలుగు వికీలో ఎంత గొప్పవాళ్ళకైనా ఏకవచనమే వాడతారు, మొదట్లో చెయ్యి ఆడదు, అలవాటైపోతుంది. "ఇటీవల", "ప్రస్తుతం" అని రాయకు, సంవత్సరం వెయ్యి. మన బంధువుల మీద, నీ ఆఫీసు మీద అసలు రాయకు. డబ్బు తీసుకుని రాస్తే ఆ సంగతి బయటపెట్టాలన్నది 2014 నుంచి వాడుక నియమాల్లోనే ఉంది.

నీ మార్పును ఎవరైనా తిరగ్గొడితే ఒళ్ళు మండుతుంది, సహజం. మళ్ళీ వెంటనే పెట్టేయకుండా చర్చా పేజీలో అడుగు. ఇంగ్లీషు వికీలోనైతే ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిరగ్గొడితే నిరోధించొచ్చు, నీ వాదనే సరైనదైనా సరే. అవతలివాళ్ళు సదుద్దేశంతోనే చేశారనుకుని మొదలెట్టు. నిజంగా చెత్త రాసేవాళ్ళు కూడా ఉంటారులే, వాళ్ళను గుర్తుపట్టడానికి వాళ్ళ మార్పుల జాబితా చూస్తే చాలు. నువ్వు చేయి వేసిన పేజీలు, వాటిలో మార్పులు జరిగితే తెలిసేలా, వీక్షణ జాబితాలో పెట్టుకో, కానీ వాటికి కాపలా కూర్చోకు. నీకన్నా బాగా రాసేవాళ్ళు వచ్చి నీ పేరా మొత్తం మార్చేయొచ్చు, మార్చనీ.

ఈ వారం ఏదైనా ఒక మొలక వ్యాసం, అంటే నాలుగు వాక్యాలతో ఆగిపోయిన చిన్న వ్యాసం తీసుకుని మూలాలు పెట్టి, చరిత్ర లింకు నాకు పంపు. సారాంశం పెట్టెలు ఖాళీగా వదిలేశావో, ఫోన్ చేసి మరీ తిడతాను.

ఆశీస్సులతో,
మావయ్య