స్టుట్‌గార్ట్ వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు వచ్చే నెల స్టుట్‌గార్ట్ వెళ్తున్నావని, కార్ల కంపెనీలు, విడిభాగాల వాళ్లు కలిసి డేటా పంచుకునే కటెనా-ఎక్స్ అనే నెట్‌వర్కు పనిలో మీ కంపెనీ తరఫున కూర్చుంటావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మ అప్పుడే వీధంతా చెప్పొచ్చింది. నాకూ గర్వంగానే ఉంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. పోటీ కంపెనీల వాళ్లతో ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడం నీకు కొత్త.

చలికోటు అక్కడే కొనుక్కో. జర్మన్ నేర్చుకో. మీటింగుకి అజెండా ముందే రాకపోతే అడుగు.

నేను చెన్నై అంబత్తూరులో, కారు విడిభాగాల ప్రెస్ షాపులో ఉన్నప్పుడు మాకు తెలిసిన డిజిటల్ అంటే, తక్కువ రేటు వేసినవాడికి ఆర్డరిచ్చే నెట్ వేలంపాటే. 2000లో జీఎం, ఫోర్డ్, డైమ్లర్‌క్రిస్లర్ కలిసి, విడిభాగాలు నెట్‌లో కొందామని కొవిసింట్ పెట్టాయి. నాలుగేళ్లకే అది చేతులు మారింది. ఆ వేలం పద్ధతి మాత్రం మా దాకా వచ్చింది. మూడు డైలతో (రేకుని నొక్కే అచ్చులతో) అయ్యే బ్రాకెట్‌ని మా టూల్ రూమ్ మేస్త్రి రెండు డైలతో తీశాడు. కస్టమరు (పేరెందుకులే) మెచ్చుకుని డ్రాయింగు అప్‌లోడ్ చేయమన్నాడు, చేశాం. తర్వాతి వేలంలో ఆ డ్రాయింగు మీదే నలుగురు రేటు వేశారు, ఆర్డరు ఇంకొకడికి పోయింది. ఆ మేస్త్రి మళ్లీ ఏ ఐడియా చెప్పలేదు.

మీ కటెనా-ఎక్స్‌ని అలా కాకుండా కట్టారని చదివాను. 2021లో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, బాష్, శాప్ లాంటివాళ్లు మొదలుపెట్టారు కదా. ఎవరి డేటా వాళ్ల దగ్గరే ఉంటుంది. అడిగినవాడు దేనికి వాడతాడో షరతు ఒప్పుకున్నాకే, రెండు కంపెనీల కనెక్టర్ల (డేటా ఇచ్చిపుచ్చుకునే సాఫ్ట్‌వేర్) మధ్య నేరుగా వెళ్తుంది. 2027 ఫిబ్రవరి నుంచి యూరప్‌లో ఈవీ బ్యాటరీకి పాస్‌పోర్టు, అంటే దాని వివరాలన్నీ ఉండే డిజిటల్ రికార్డు, తప్పనిసరి. గని నుంచి కారు దాకా ఇంతమంది లెక్క ఒకచోటికి చేరాలంటే ఇలాంటిది కావాల్సిందే. దీనికి నేను వ్యతిరేకం కాదు.

నా భయం వేరే ఉంది. యాడ్‌బ్లూ సంగతి నీకు ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరు, మీ ట్రైనింగుల్లో స్లైడ్లే తప్ప కథలుండవు. డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడానికి కొట్టే యూరియా ద్రవం అది. దానికి కారులో ట్యాంకు కావాలి. ట్యాంకు పెద్దదైతే పొగ ఇంకా బాగా శుభ్రం చేయొచ్చు, కానీ డిక్కీలో చోటు పోతుంది, ఖర్చు పెరుగుతుంది. 2009 నుంచి 2014 దాకా డైమ్లర్ (మెర్సిడెస్ వాళ్లు), బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇంజనీర్లు టెక్నికల్ మీటింగుల్లో కూర్చుని ట్యాంకు ఎంతుండాలో, ఒకసారి నింపితే ఎంత దూరం రావాలో మాట్లాడుకున్నారు. ధర మాట ఎత్తలేదు. చట్టం అడిగినదానికంటే బాగా శుభ్రం చేసే టెక్నాలజీ వాళ్ల చేతుల్లోనే ఉంది. పక్కవాడు ఎంతవరకు వెళ్తాడో తెలిసిపోయాక ఎవడికీ ముందుకెళ్లాల్సిన అవసరం లేకపోయింది. పోటీ పడకుండా కుమ్మక్కయ్యారని 2021 జులైలో యూరోపియన్ కమిషన్ 87.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. కమిషన్‌కి గుట్టు చెప్పిన డైమ్లర్ మాత్రం తప్పించుకుంది.

ఇప్పుడు చెప్పేది బాగా చదువు. ద్రవం పోసే మూతి అందరికీ ఒకే సైజు ఉండాలని వాళ్లు మాట్లాడుకున్నదాన్ని కమిషన్ తప్పు పట్టలేదు. ద్రవాన్ని కొట్టే సాఫ్ట్‌వేర్ కలిసి తయారు చేసుకోవడాన్నీ తప్పు పట్టలేదు. మూతి సైజు పర్వాలేదు, ట్యాంకు సైజు తప్పు. రెండూ ఇంజనీర్ల మాటలే, పెద్ద తేడా లేనట్టే వినిపిస్తాయి.

అప్పుడు కనీసం నోరు విప్పాల్సి వచ్చింది. ఇప్పుడు డాష్‌బోర్డులో పక్క కంపెనీ బ్యాటరీ కార్బన్ లెక్క కనిపిస్తే చాలు, ‘వాడే అక్కడ ఆగాడు, మనకెందుకు’ అని మీవాళ్లు ఆగిపోతారు. అందుకే ఏ కాలమ్ ఎవరికి కనిపిస్తుందో నువ్వే కూర్చుని చూడు, ఐటీ వాళ్లకి వదిలేయకు. ఫార్మాట్ గురించి ఎంతసేపైనా మాట్లాడు. ‘అందరం ఇక్కడే ఆగుదాం’ అనే వాసన వస్తే మాత్రం అభ్యంతరం చెప్పి, మినిట్స్‌లో రాయించి, లేచి వచ్చేయ్. మొహమాటపడకు. చిన్నప్పుడు పక్కింటి పిల్ల అడిగిందని హోంవర్కు నోటుబుక్కే ఇచ్చేసి వచ్చినదానివి నువ్వు! తిడుతున్నాననుకోకు, నీ మంచితనం తెలిసే చెప్తున్నా. బయటికొచ్చాక మీ లీగల్ వాళ్లకి ఫోన్ చెయ్యి. తర్వాత నాకు చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

కుదురుకున్నాక నాకో పని చేసిపెట్టు. నలభై మంది పనిచేసే ప్రెస్ షాపు మీ నెట్‌వర్కులో చేరాలంటే ఏటా ఎంతవుతుంది, ఆ కనెక్టరు ఎవరు పెట్టిస్తారు, కనుక్కుని రాయి. మా పాత ఓనరుగారి అబ్బాయిని కస్టమరు చేరమంటున్నాడట, వారం నుంచి నన్ను అడుగుతున్నాడు.

నీ పెదనాన్న