చిప్‌కు ముందూ వెనకా చూడమ్మా

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. కణాలను వేరుచేసే నీ మైక్రోఫ్లూయిడిక్ చిప్ (సన్నటి ఛానెళ్లున్న చిన్న పలక) నుంచి బయటకొచ్చిన కణాల్లో 95 శాతం ట్రిపాన్ బ్లూ రంగు పరీక్షలో బతికే ఉన్నట్టు కనిపిస్తున్నాయనీ, మర్నాటికి మాత్రం సగం కూడా ప్లేటుకు అంటుకోవడం లేదనీ రాశావు. ఛానెల్ డిజైన్ మార్చాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ముందు నీ కణం సిరంజిలోకి ఎక్కినప్పటి నుంచి ఇంక్యుబేటర్‌కి చేరేదాకా ఎక్కడెక్కడ తిరుగుతోందో ఒక కాగితం మీద రాయి. ప్రతిచోటా ఎంతసేపు ఉంటోంది, ఎంత వేడిలో ఉంటోంది, ఏ ద్రవంలో ఉంటోంది అన్నది కూడా రాయి. చిప్‌లో అది గడిపే సమయం చాలాసార్లు ఒక్క సెకను కూడా ఉండదు. మిగతా గంటో రెండు గంటలో బయటే గడుస్తాయి.

ట్రిపాన్ బ్లూని అంతగా నమ్మకు. పొర చిరిగిందా లేదా అన్నది తప్ప అది ఇంకేమీ చెప్పదు. లోపల చావు మొదలైన కణం కూడా కొన్ని గంటలపాటు ఆ రంగును బయటే ఆపగలదు. చావు మొదలైందని చెప్పే అనెక్సిన్ వి, పొర చిరిగిందని చెప్పే ప్రొపిడియం అయొడైడ్ కలిపి చూడు. బయటకొచ్చిన వెంటనే ఒకసారి, 24 గంటలకు ఇంకోసారి చూడు. అంతకన్నా ముఖ్యం, ఆ కణం చేయాల్సిన పని చేస్తోందా అన్నది. నీకు అంటుకోవడం కావాలి కాబట్టి అంటుకున్నవే లెక్కపెట్టు.

తప్పు ఎక్కడుందో తేలాలంటే ఒకే నమూనాని నాలుగు భాగాలు చెయ్యి. ఒకటి ట్యూబులోనే అలా ఉంచు. రెండోది సిరంజి, గొట్టాల గుండా మాత్రం పంపు, చిప్ వద్దు. మూడోది చిప్ గుండా పంపు, కానీ కణాలను వేరుచేసే ధ్వనీ విద్యుత్తూ ఏదీ ఆన్ చెయ్యకు. నాలుగోది నువ్వు మామూలుగా చేసేటట్టే చెయ్యి. చాలామంది మొదటిదాన్నీ నాలుగోదాన్నీ మాత్రమే పోల్చి, తేడా కనిపించగానే నింద మొత్తం చిప్ మీద వేస్తారు. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది రెండో దాన్ని.

ఎందుకో లెక్క వేసి చూడు. 500 మైక్రాన్ల వెడల్పు, 50 మైక్రాన్ల ఎత్తున్న ఛానెల్‌లో నిమిషానికి 100 మైక్రోలీటర్లు పంపితే గోడ దగ్గర షియర్, అంటే ప్రవాహం రాపిడి ఒత్తిడి, సుమారు 8 పాస్కల్‌లు. ఎత్తు రెట్టింపు చేస్తే అదే ప్రవాహానికి 2 పాస్కల్‌లకు దిగుతుంది, ఎందుకంటే షియర్ ఎత్తు వర్గానికి విలోమంగా మారుతుంది. అదే నువ్వు 27 గేజ్ సన్న సూది పెట్టి, ఒక మిల్లీలీటరును చేత్తో రెండు సెకన్లలో నెట్టేశావనుకో, సూది గోడ దగ్గర అది వందల పాస్కల్‌లు దాటుతుంది. అంత జాగ్రత్తగా గీసిన చిప్‌కు ముందు ఇదొకటి ఉంటే ఇంక సున్నితం ఏం మిగిలింది? లావు సూది వాడు, నెమ్మదిగా నింపు. గొట్టం వ్యాసం హఠాత్తుగా మారే కనెక్టర్లను వీలైనంత తగ్గించు.

ఇంకొకటి, సిరంజిలో కణాలు ఊరికే ఉండవు. పది మైక్రాన్ల కణం నిశ్చలంగా ఉన్న బఫర్ ద్రవంలో గంటకు దాదాపు సెంటీమీటరు కిందికి దిగుతుంది. అడుగున పేరుకుంటే ఒకదానికొకటి అతుక్కుని, ముద్దలుగా చిప్‌లోకి వస్తాయి. అయొడిక్సనాల్ కొద్దిగా కలిపి ద్రవం సాంద్రత పెంచితే ఈ బాధ తగ్గుతుంది. ముద్దలకు 40 మైక్రాన్ల వడపోత, లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ 1–2 మిల్లీమోలార్ చాలు. చచ్చిన కణాల డీఎన్ఏ జిగురైతే దాన్ని కోసే ఎంజైమ్ డీఎన్ఏజ్ వాడతాం, కానీ దానికి మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ దాన్ని పట్టేసుకుంటుంది. రెండూ ఒకేసారి పోసి పని చెయ్యలేదనకు. బైకార్బొనేట్ మీడియం ఇంక్యుబేటర్ బయట కార్బన్ డయాక్సైడ్ పోగొట్టుకుని క్షారంగా మారుతుంది. బయట పనిచేసేటప్పుడు అలా మారకుండా ఆపే హెపిస్ బఫర్ ఉండాల్సిందే.

ఇక కణాలను వేరుచేయడానికి నువ్వు అడిగిన పద్ధతుల సంగతి. 2004లో వచ్చిన డీఎల్‌డీ (డిటర్మినిస్టిక్ లేటరల్ డిస్‌ప్లేస్‌మెంట్), అదే వరుస వరుసకూ స్తంభాలు కొద్దిగా పక్కకు జరిగి ఉండే పద్ధతి, నాకు చాలా ఇష్టం. ఇది జల్లెడ కాదు. ఒక హద్దు వ్యాసం కన్నా పెద్ద కణం ప్రతి స్తంభం దగ్గరా పక్కకు తోసుకుపోతుంది, చిన్నది ప్రవాహంతోపాటే సాగుతుంది. స్తంభాల మధ్య సందు 20 మైక్రాన్లు, జరుగుడు పదో వంతు అయితే ఆ హద్దు సుమారు 9 మైక్రాన్లు. అయితే కాగితం మీద లెక్క గట్టి గోళానికి వేసింది. మెత్తటి కణం నొక్కుకుపోయి చిన్నదానిలా ప్రవర్తిస్తుంది. ఎర్ర రక్తకణం పళ్లెంలా ఉంటుంది కాబట్టి అది ఎటు తిరిగిందన్న దాన్నిబట్టి దారి మారుతుంది. ఫ్లో రేటు పెంచినకొద్దీ ఈ పేచీ ఎక్కువవుతుంది.

ధ్వనితో వేరుచేయడం నీ కణాలకు బాగా సరిపోవచ్చు. నీటిలో 2 మెగాహెర్ట్జ్ ధ్వనికి సగం తరంగదైర్ఘ్యం 375 మైక్రాన్లు. ఛానెల్ వెడల్పు అంతే ఉంచితే మధ్యలో ఒత్తిడి మారని గీత ఏర్పడి, కణాలు అటు జరుగుతాయి. వ్యాసం రెట్టింపైతే తోసే బలం ఎనిమిది రెట్లు. కొవ్వు బిందువులు మాత్రం గోడల వైపు పోతాయి. మామూలు బఫర్‌లోనే, కణాలకు లేబుల్ (గుర్తు) తగిలించకుండా పని జరుగుతుంది. ఇబ్బందల్లా ధ్వని పుట్టించే పియెజో పలక వేడెక్కడం. ఆ వేడి కణానికీ మంచిది కాదు, ద్రవంలో ధ్వని వేగం మారి రెజొనెన్స్ కూడా పక్కకు తప్పుతుంది. చిప్ కింద ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్ పెట్టి, చల్లబరిచే పెల్టియర్‌తో ఉష్ణోగ్రత కట్టడి చెయ్యి. నువ్వు పంపిన ఫొటోలో థర్మిస్టర్ కనిపించలేదు.

వంపు ఛానెళ్లలో వేగంగా పంపే ఇనర్షియల్ పద్ధతికి షియర్ ఎక్కువే అయినా మిల్లీసెకన్లలో అయిపోతుంది, చాలా కణాలు తట్టుకుంటాయి. విద్యుత్ క్షేత్రంతో కణాలను లాగే డైఎలెక్ట్రోఫొరెసిస్‌కు సాధారణంగా ఉప్పు బాగా తగ్గించిన చక్కెర బఫర్ కావాలి. దానిలో కణాలను ఎక్కువసేపు ఉంచడం నాకు నచ్చదు, వేరే దారి లేనప్పుడే దాని జోలికి వెళ్లు. కణాలను కాంతితో గుర్తించి బొట్లుగా వేరుచేసే ఫాక్స్ యంత్రాన్ని విలన్ చెయ్యడం కూడా అన్యాయమే. 70 మైక్రాన్ల నాజిల్‌తో 70 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర లింఫోసైట్లు హాయిగా బతుకుతాయి. పెద్ద కణాలకు 100 మైక్రాన్ల నాజిల్ వేసి 20 పీఎస్ఐకి దించితే చాలాసార్లు సరిపోతుంది. నీ చిప్‌ను దానితోనూ ఒకసారి పోల్చి చూడు, నిజాయితీగా.

బుడగల గురించి పెద్దగా చెప్పను, నీకు తెలుసు. ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్‌ను నేరుగా వాడకు. ఛానెల్‌ను ముందే కణాలు గోడకు అంటుకోకుండా ప్లూరానిక్ ఎఫ్-127 అనే సర్ఫాక్టెంట్‌తోనో బీఎస్ఏ ప్రోటీన్‌తోనో తడిపి ఉంచు.

అసలు నా అనుమానం నీ చివరి మెట్టు మీద. నమూనా పక్కన పారే షీత్ ద్రవంతో కలిసి ఒక మిల్లీలీటరు నమూనా పది మిల్లీలీటర్లయి బయటకొస్తోందని రాశావు. దాన్ని మళ్లీ చిక్కబరచడానికి ఎంత జి (గురుత్వానికి ఎన్ని రెట్ల బలం) దగ్గర ఎన్నిసార్లు సెంట్రిఫ్యూజ్ తిప్పుతున్నావో మాత్రం రాయలేదు. పలచబడ్డ కణాలు ప్లాస్టిక్ ట్యూబు గోడకు అతుక్కుంటాయి, తిప్పితే అడుగున గట్టిగా నొక్కుకుపోతాయి, మళ్లీ పిపెట్‌తో కొట్టి విడదీస్తావు. అంటుకునే ప్రోటీన్లు దెబ్బతినడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు! బీఎస్ఏ పూసిన ట్యూబులో, కొద్దిగా సీరం ఉన్న మీడియంలోకే నేరుగా పట్టు. వీలైతే పూత వేసిన ప్లేటులోనే పట్టి, తిప్పకుండా వాటంతటవే దిగనివ్వు. సెంట్రిఫ్యూజ్ తప్పదంటే 300 జి దాటకు, ఒక్కసారితో ఆపు.

ఆ తర్వాత ఆర్ఎన్ఏ తీయాలన్న ఆలోచన కూడా ఉందన్నావు. కణానికి ఒత్తిడి కలిగితే ఫాస్, జున్ లాంటి జన్యువులు అరగంట లోపే లేచి కూర్చుంటాయి. నాలుగు భాగాల పరీక్షలో వాటినీ కొలువు, ఎక్కడ లేచాయో చూశాక డిజైన్ గురించి మళ్లీ రాయి.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు